పట్టూ విడుపూ

నాట్లు ముమ్మరంగా సాగుతున్న రోజులు. ఆ రాత్రి మా చదువుల కేంద్రానికి ఏడుగురే వచ్చారు. మిగతావాళ్లు ఇంటికి చేరగానే నడుం వాల్చేశారు. వచ్చినవాళ్లకీ కళ్లు మూతలు పడుతున్నాయి. ఉన్నట్టుండి ఒక పెద్దమ్మ "అమ్మో!" అని పలక పక్కన పడేసి కాలు పట్టుకుంది.

పిక్క పట్టేసింది. ముట్టుకుంటే రాయిలా ఉంది. పక్కనున్న వదిన గబుక్కున ఆమె కాలు చాపింది. పాదాన్ని వేళ్ల దగ్గర పట్టుకుని మోకాలి వైపు మెల్లగా వంచింది. కాసేపటికి పిక్క మెత్తబడింది. పెద్దమ్మ ఊపిరి పీల్చుకుంది. తర్వాత నా వైపు తిరిగి ఇలా అడిగింది:

"టీచరమ్మా! పొద్దుటి నుంచీ బురదలో వంగి నాట్లేశాను. అప్పుడు ఈ కాలు నా మాట విన్నది. ఇప్పుడు ఊరికే కూర్చున్నాను. మరి దీన్ని బిగుసుకోమని ఎవరు చెప్పారు? వదలమని నేను చెబితే ఎందుకు వదల్లేదు?"

"కండ పట్టేసింది పెద్దమ్మా" అన్నాను.

"అది నాకూ తెలుసులేమ్మా" అంది. అందరూ నవ్వారు.

నేను టీచరు ట్రైనింగు పాసయినదాన్నే. అయినా ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేకపోయాను. తర్వాత పుస్తకాలు చూశాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మగారిని అడిగాను. తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో ముఖ్యమైన మాట ఒక్కటే. కండకి బిగుసుకోవడమే పని కాదు. వదలడం కూడా పనే. ఆ వదిలే పని చెడితే ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఇది మనందరం తెలుసుకోవాలి.

కండ లాగుతుంది, నెట్టదు

మన ఒంట్లో 600కు పైగా కండరాలు ఎముకలకు అంటుకుని ఉన్నాయి. 50 కిలోల మనిషిని తీసుకుంటే సుమారు 15 నుంచి 20 కిలోల బరువు వీటిదే. గుండె కూడా కండరమే. పేగుల్లోనూ కండరాలున్నాయి. కాని అవి మన మాట కోసం ఆగవు, వాటి పని అవి చేసుకుపోతాయి. మనం ఇప్పుడు చెప్పుకునేది ఎముకలను కదిలించే కండరాల గురించి.

ఒక పని చేసి చూడండి. ఎడమ చేత్తో కుడి దండచెయ్యిని పట్టుకోండి. బొటనవేలు చేతికి వెనక, మిగతా వేళ్లు ముందు ఉండాలి. ఇప్పుడు కుడి చెయ్యిని మోచేతి దగ్గర మడిచి, బరువు ఎత్తినట్టు బిగించండి. ముందున్న కండ ఉబ్బి గట్టిపడుతుంది. ఇప్పుడు చెయ్యి చాపి, అరచేత్తో నేలని గట్టిగా నొక్కండి. ఈసారి వెనక కండ గట్టిపడుతుంది. ముందుది మెత్తబడుతుంది.

దీన్నిబట్టి ఏం తెలిసింది? ఎద్దు బండిని లాగుతుంది, నెట్టదు. కండ కూడా అంతే. ఎముకని లాగడమే దానికి తెలుసు. అందుకే కండలు జంటలుగా ఉంటాయి. ఒకటి మడుస్తుంది, ఇంకొకటి చాపుతుంది. ఒకటి లాగుతున్నప్పుడు రెండోది వదలాలి. రెండూ ఒకేసారి బిగుసుకుంటే చెయ్యి కొయ్యబారిపోతుంది. కొడవలి పట్టలేం, ముద్ద నోటికి అందదు. వదలడం కూడా పనిలో భాగమే అని ఇక్కడే తెలిసిపోతోంది.

ఇంకో మాట. మన ఊళ్లో అన్నిటినీ నరమే అంటాం. రక్తం పారే గొట్టాన్నీ నరమంటాం. మడమ వెనక గట్టి తాడులా తగిలేదాన్నీ నరమంటాం. అది నిజానికి కండని ఎముకకి కట్టి ఉంచే కట్టు. పిక్క పట్టినా నరం పట్టిందనే అంటాం. ఈ పాఠంలో మాత్రం నరం అంటే ఒకటే అర్థం. మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కబుర్లు మోసే తీగ.

పోగులో పోగు

ఉడికిన మాంసం ముక్కని వేళ్లతో విప్పితే పీచులు పీచులుగా వస్తుంది గదా. కండ అంతా అలాంటి పోగుల కట్టే. ఇంకా ఇంకా విప్పుకుంటూ పోతే చివరికి మన వెంట్రుక కంటే సన్నటి పోగు ఒకటి మిగులుతుంది. ఆ ఒక్క పోగే ఒక జీవకణం. ఇల్లు ఇటుకలతో కట్టినట్టు మన ఒళ్లు కణాలతో కట్టి ఉంది. చాలా కణాలు కంటికి కనపడనంత చిన్నవి. కండ కణం మాత్రం వింతైనది. సన్నగా ఉన్నా పొడుగ్గా ఉంటుంది. కొన్ని కొన్ని సెంటీమీటర్ల పొడవు కూడా ఉంటాయి.

ఆ పోగు లోపల ఇంకా సన్నటి పోగులు వందల కొద్దీ ఉంటాయి. ఒక్కో సన్నటి పోగూ వరసగా కట్టిన గదుల్లాగా ఉంటుంది. ఎంత చిన్న గదులంటే, ఒక మిల్లీమీటరు పొడవులో సుమారు 400 గదులు పడతాయి. స్కేలు మీద మిల్లీమీటరు గీతలు చూశారు గదా. రెండు గీతల నడుమ 400 గదులన్నమాట.

ప్రతి గదిలోనూ రెండు రకాల దారాలున్నాయి. గదికి రెండు పక్కలా ఉన్న గోడల నుంచి సన్నదారాలు లోపలికి వస్తాయి. వీటి పేరు ఆక్టిన్. గది నడుమ లావుదారాలు ఉంటాయి. వీటి పేరు మయోసిన్.

ఇప్పుడు మీ రెండు చేతుల వేళ్లనూ ఒకదాని సందులో ఒకటి కొంచెంగా దూర్చండి. అరచేతులు దూరంగా ఉన్నాయి. మెల్లగా వేళ్లను ఇంకా లోపలికి జరపండి. అరచేతులు దగ్గరికి వచ్చాయి. మీ వేళ్లేమైనా పొట్టివయ్యాయా? కాలేదు. ఒకదాని సందులోకి ఒకటి జారాయి, అంతే. కండ బిగుసుకోవడమంటే ఇదే. దారాలు కురచ కావు, ముడుచుకోవు. సన్నదారాలు లావుదారాల సందుల్లోకి జారతాయి. గది గోడలు దగ్గరికొస్తాయి. వేలాది గదులు ఒకేసారి కురచ అయ్యేసరికి కండ మొత్తం కురచ అవుతుంది. ఎముక కదులుతుంది. పెద్ద చదువుల పుస్తకాల్లో దీన్ని సంకోచం అంటారు. వదులవడాన్ని సడలడం అంటారు.

ఈ సంగతి లోకానికి తెలిసింది 1954లో. ఆ ఏడు రెండు జట్ల శాస్త్రవేత్తలు విడివిడిగా ఇదే మాట చెప్పారు. ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్క్ ఒక జట్టు. హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ అనే ఆవిడ ఇంకో జట్టు. హక్స్‌లీలిద్దరికీ ఇంటిపేరు ఒకటే గాని చుట్టరికం లేదు.

బావిలో నీళ్లు తోడినట్టు

సన్నదారాన్ని ఎవరు లాగుతున్నారు? లావుదారానికి చిన్న చిన్న తలలు వందల కొద్దీ ఉంటాయి. అవి చేతుల్లా పని చేస్తాయి. బావి దగ్గర చేంతాడు లాగడం గుర్తు తెచ్చుకోండి. తాడు పట్టుకుంటాం, కిందికి లాగుతాం. ఆ చెయ్యి వదిలి మళ్లీ పైన పట్టుకుంటాం, మళ్లీ లాగుతాం. మయోసిన్ తలలు చేసేదీ ఇదే. పట్టు, లాగు, వదులు. మళ్లీ పట్టు, లాగు, వదులు. ఒక్కో లాగుకి దారం జరిగేది మిల్లీమీటరులో సుమారు లక్షో వంతు. కోట్ల కోట్ల తలలు కలిసి లాగితే బస్తా బియ్యం లేస్తుంది.

చేంతాడు పట్టుకున్న చెయ్యి వదలకపోతే బొక్కెన పైకి వస్తుందా? రాదు. ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. లాగాలన్నా వదలడం రావాలి.

కబురు అందేది ఎలా?

కండ తనంతట తాను బిగుసుకోదు. దానికి కబురు రావాలి. "చెయ్యి ఎత్తు" అని మనసులో అనుకోగానే మెదడు నుంచి వెన్నుపాముకి, అక్కడి నుంచి నరం తీగ మీద కండ దాకా కబురు పరుగెత్తుతుంది. తీగ చివరకీ కండకీ మధ్య చిన్న సందు ఉంటుంది. ఆ సందు దాటడానికి నరం ఒక రసాయనాన్ని విడుస్తుంది. దాని పేరు పెద్దది. నిదానంగా చదవండి: ఎసి – టైల్ – కోలిన్. దీన్ని మనం కబురు మందు అందాం.

కబురు మందు తగలగానే కండ పోగు మీద కరెంటు లాంటి అల ఒకటి పాకుతుంది. పోగు లోపల చిన్న చిన్న సంచులున్నాయి. వాటిలో కాల్షియం దాచి ఉంటుంది. మన ఎముకల్లో, పాలల్లో, రాగుల్లో ఉండే కాల్షియమే అది. అల రాగానే సంచుల నోళ్లు తెరుచుకుంటాయి. కాల్షియం బయటికి పొంగుతుంది.

ఆ కాల్షియం ఏం చేస్తుంది? సన్నదారం మీద చేతులు పట్టుకునే చోట్లు ఉన్నాయి. మామూలప్పుడు వాటి మీద ఒక కప్పు ఉంటుంది. కాల్షియం వచ్చి ఆ కప్పుని పక్కకి తొలగిస్తుంది. చోటు దొరకగానే మయోసిన్ చేతులు పట్టుకుని లాగడం మొదలుపెడతాయి. కబురు అందింది మొదలు ఇక్కడిదాకా రెప్పపాటు కాలం కూడా పట్టదు.

వదలడానికి మూడు పనులు

మరి కండ వదలాలంటే? పని ఆపేస్తే చాలు, అదే వదులవుతుందని మనం అనుకుంటాం. అలా కాదు. మూడు పనులు జరగాలి.

మొదటిది, కబురు చెరిగిపోవాలి. పలక మీద పాత అక్షరం తుడిస్తేనే గదా కొత్తది రాస్తాం. నరానికీ కండకీ మధ్య సందులో కబురు మందుని తుడిచేసే పదార్థం ఒకటి ఎప్పుడూ కాపలా ఉంటుంది. కబురు వచ్చిన మరుక్షణమే ఇది దాన్ని ముక్కలు చేస్తుంది. దీన్ని తుడుపుగుడ్డ అందాం.

రెండోది, బయటికి పొంగిన కాల్షియం మళ్లీ సంచుల్లోకి చేరాలి. అది తనంతట తాను పోదు. తోడి పొయ్యాలి. సంచుల గోడల్లో తోడే మోటార్లున్నాయి. మోటారుకి కరెంటు కావాలి గదా. వీటికీ శక్తి కావాలి.

మూడోది, తాడు పట్టుకున్న ప్రతి చెయ్యీ పట్టు వదలాలి. దీనికీ శక్తి కావాలి.

ఈ మూడూ జరిగితే దారాల మీద కప్పు మళ్లీ పడుతుంది. చేతులు ఊరుకుంటాయి. జంట కండ లాగినప్పుడు ఈ కండ మళ్లీ మునుపటి పొడవుకి వస్తుంది.

కండకిచ్చే కూలి

ఆ శక్తి ఏమిటి? దాని పేరు ఏటీపీ. మనం తిన్న తిండి, పీల్చిన గాలి కలిసి కణాల్లో తయారయ్యే సరుకు ఇది. కండకి ఇదే కూలి. అరువు కుదరదు. ఒక్కో చెయ్యి ఒక్కో లాగుకి ఒక ఏటీపీ తీసుకుంటుంది. ఏటీపీ వచ్చి తగిలితేనే ఆ చెయ్యి పాత పట్టు వదిలి మరో పట్టుకి సిద్ధమవుతుంది. కాల్షియం తోడే మోటారు కూడా రెండు కాల్షియం రేణువులకు ఒక ఏటీపీ చొప్పున తీసుకుంటుంది.

కండలో నిలవ ఉండే ఏటీపీ చాలా తక్కువ. బలంగా పని చేస్తే రెండు మూడు సెకన్లకి సరిపోతుంది. దాని వెనక ఫాస్ఫోక్రియాటిన్ అనే మరో నిలవ ఉంది. అదీ కలిపితే సుమారు పది సెకన్లు నడుస్తుంది. ఆ తర్వాత కండలో దాచిన పిండి లాంటి చక్కెరని కరిగించుకోవాలి. ఎక్కువసేపు పని చెయ్యాలంటే రక్తం గాలినీ తిండినీ మోసుకొస్తూనే ఉండాలి. పరుగెత్తినప్పుడు ఎగశ్వాస వచ్చేది అందుకే.

ఈ కూలి లెక్క కనిపెట్టినవాళ్లలో మన తెలుగాయన ఉన్నారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషను పరీక్ష ఆయన మూడోసారికి గాని పాసు కాలేదు. తర్వాత డాక్టరు చదువు చదివి అమెరికా వెళ్లారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కె అనే ఆయనతో కలిసి పరిశోధన చేశారు. 1927లో కండలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని బయటపెట్టారు. 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. బోదకాలు రాకుండా ఊరూరా పంచిన డీఈసీ మాత్ర ఉంది గదా. అది కూడా తర్వాతి రోజుల్లో సుబ్బారావు గారి ఆధ్వర్యంలో పనిచేసిన బృందం తెచ్చిందే. ఆయన 1948లో కన్నుమూశారు. మూడోసారి పరీక్ష రాసినాయన మనందరి కండల గుట్టు విప్పారు. పలక పట్టిన మనం ఒకసారి తప్పామని బాధ పడక్కర్లేదు.

చనిపోయినవాళ్లు ఎందుకు బిగుసుకుంటారు?

ఇంట్లో ఎవరైనా పోతే పెద్దలు ముందుగా కళ్లు మూస్తారు. దవడకి గుడ్డ కడతారు. కాలి బొటనవేళ్లు కలిపి కడతారు. ఆలస్యమైతే శరీరం కట్టెలా బిగుసుకుపోతుందని వాళ్లకి అనుభవం మీద తెలుసు.

కారణం మీరిప్పుడు చెప్పగలరు. ఊపిరి ఆగింది. రక్తం ఆగింది. ఏటీపీ తయారీ ఆగింది. సంచుల్లోంచి కాల్షియం కారిపోతుంది, దాన్ని తోడే మోటారు లేదు. చేతులు తాడుని పట్టుకుంటాయి, కాని వదలడానికి కూలి లేదు. అందుకని పట్టు పట్టినట్టే ఉండిపోతుంది. సాధారణంగా 2 నుంచి 6 గంటల్లో ఇది కనురెప్పల్లో, దవడలో, మెడలో మొదలవుతుంది. సుమారు 12 గంటలకి ఒళ్లంతా బిగుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో దారాలే చివికిపోయి మళ్లీ వదులవుతుంది. ఎండాకాలంలో ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది.

బిగుసుకున్న చెయ్యి చూసి "ఆత్మ పోలేదు, పట్టుకుంది" అని భయపడేవాళ్లు ఉన్నారు. భయం అక్కర్లేదు. అది ఏటీపీ అయిపోయిన కండ, అంతే. బతికున్న కండకీ పోయిన కండకీ తేడా ఇక్కడుంది. బతికున్న కండ వదలగలదు.

విల్లులా వంచే జబ్బు

బతికున్న మనిషికి కూడా వదలడం చెడితే ఏమవుతుంది? ధనుర్వాతం అనే పేరు విన్నారు గదా. ధనుస్సు అంటే విల్లు. ఈ జబ్బులో రోగి వెనక్కి విల్లులా వంగిపోతాడు.

మట్టిలో, పశువుల పేడలో ఉండే ఒక సూక్ష్మజీవి దీనికి కారణం. మేకు గుచ్చుకున్నా, కొడవలి తెగినా, ముల్లు దిగినా అది గాయంలోకి దూరుతుంది. అక్కడ విషం తయారు చేస్తుంది. ఆ విషం నరాల వెంట వెన్నుపాముకి చేరుతుంది. వెన్నుపాము నుంచి కండలకి "బిగుసుకో" అనే కబురు పోతుంది గదా. ఆ కబురుని అవసరం లేనప్పుడు ఆపే కాపలా కూడా వెన్నుపాములోనే ఉంది. విషం ఆ కాపలా నోరు నొక్కేస్తుంది. ఇక ఆపేవాళ్లు లేరు. ముందు దవడ బిగుసుకుని నోరు తెరుచుకోదు. తర్వాత ఒళ్లంతా బిగుస్తుంది. ఊపిరి తీసే కండలు కూడా బిగిస్తే ప్రాణం పోతుంది.

ఇది గాలి సోకడం కాదు. టీకాతో ఆపగలిగిన జబ్బు. పిల్లలకి 6, 10, 14 వారాల వయసులో వేసే టీకాలో దీని మందు ఉంది. ఏడాదిన్నర వయసుకి, 5–6 ఏళ్లకి, 10 ఏళ్లకి, 16 ఏళ్లకి మళ్లీ వేయించాలి. గర్భిణికి కూడా టీడీ టీకా వేస్తారు. ఒకప్పుడు బొడ్డు కోసిన చోట నుంచి ఈ జబ్బు వచ్చి పసికందులు ఎందరో పోయేవారు. టీకాలు, ఆసుపత్రి కాన్పులు పెరిగాక అది తగ్గిపోయింది. 2015లో మన దేశంలో బాలింతల, పసికందుల ధనుర్వాతం అదుపులోకి వచ్చినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరిచింది. సూక్ష్మజీవి మాత్రం మట్టిలో అలాగే ఉంది. గాయమైతే సబ్బుతో, శుభ్రమైన నీళ్లతో కడగండి. పేడ, బూడిద, మట్టి పెట్టకండి. ఇంజక్షను అవసరమా అని అదే రోజు ఆసుపత్రిలో అడగండి.

డబ్బా మీద రాసిందెవరు చదివారు?

ఇప్పుడు చెప్పేది నాకు కష్టమైన సంగతి. మా వీధి బాబాయి ఒకరు మిరప తోటలో మందు కొడుతున్నాడు. వీపున మోసే పంపు కారి చొక్కా తడిసింది. ఆయన పట్టించుకోలేదు. మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమటలు. నోట్లోంచి చొంగ, కళ్ల వెంట నీళ్లు. చేతి కండలు, బుగ్గలు సన్నగా అదరసాగాయి. గట్టు మీద కూలబడ్డాడు.

అందరం పరుగెత్తాం. "ఎండదెబ్బ" అన్నారు కొందరు. "గాలి సోకింది, ఆ చింతచెట్టు మంచిది కాదు" అన్నారు ఇంకొందరు. నీడకి చేర్చి, నెత్తిన నీళ్లు చల్లాం. ఆ తడిసిన చొక్కా మాత్రం విప్పలేదు. అరగంట పోయింది. తర్వాత 108కి ఫోను చేశారు. ఆసుపత్రిలో నర్సమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "ఏ మందు కొట్టాడు?" ఎవరికీ తెలియదు. డబ్బా మీద పేరు తెలుగులో రాసే ఉంది. ఎవరం చదవలేదు. చదువు వచ్చిన నేనూ చదవలేదు. ఒకతను మళ్లీ చేను దాకా వెళ్లి డబ్బా తెచ్చాడు.

బాబాయికి ఊపిరి మిషను పెట్టారు. తొమ్మిది రోజులకి ఇంటికొచ్చాడు. బతికాడు గాబట్టి ఈ సంగతి రాయగలుగుతున్నాను.

ఆయన ఒంట్లో ఏం జరిగింది? వదలడానికి మూడు పనులు చెప్పుకున్నాం. మొదటిది కబురు తుడవడం. కొన్ని పురుగుమందులు ఆ తుడుపుగుడ్డనే పనికి రాకుండా చేస్తాయి. పురుగు చచ్చేది అలాగే. క్లోరిపైరిఫాస్, ఎసిఫేట్ లాంటివి ఈ జాతి మందులే. చర్మం గుండా, ఊపిరి గుండా, నోటి గుండా అవి మన ఒంట్లోకీ వస్తాయి. తుడుపుగుడ్డ చెడితే కబురు మీద కబురు పేరుకుపోతుంది. కండ ముందు అదురుతుంది. ఆ తర్వాత అలసి, ఏ కబురుకీ పలకని స్థితికి వస్తుంది. ఊపిరి తీసే కండలు అలా ఐపోతే మనిషి దక్కడు.

అందుకని ఇవి గుర్తు పెట్టుకోండి. మందు కొనగానే దానితో వచ్చిన కాగితం చదవండి, లేదా చదివించుకోండి. డబ్బా మీద రంగు ముక్కోణం ఉంటుంది. ఎరుపుది అన్నిటికంటే ప్రమాదం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా అది మందే, మంచినీళ్లు కాదు. ఒళ్లంతా కప్పే బట్టలు, చేతి తొడుగులు, ముక్కుకి మాస్కు వేసుకోండి. గాలికి ఎదురు నిలబడి కొట్టొద్దు. కారే పంపు వాడొద్దు. ఎవరికైనా చొంగ, చెమట, చూపు మసక, కండల అదురు కనిపిస్తే వెంటనే మందు దగ్గర నుంచి దూరంగా తీసుకుపోండి. బట్టలు విప్పించి సబ్బుతో బాగా కడగండి. కడిగేవాళ్లు తమ చేతులకి మందు అంటకుండా చూసుకోవాలి. బలవంతంగా కక్కించొద్దు. 108కి ఫోను చేయండి. డబ్బా గాని, దాని ఫొటో గాని వెంట తీసుకెళ్లండి. విరుగుడు ఇంజక్షన్లు ఆసుపత్రిలో ఉంటాయి. ఆలస్యమే ప్రమాదం.

ఊరికే ఒక కనురెప్ప అదిరితే భయపడకండి. అలసటకి, నిద్ర చాలకపోయినా అలా అదురుతుంది. అది మంచి శకునమూ కాదు, చెడు శకునమూ కాదు.

పెద్దమ్మ ప్రశ్నకి జవాబు

మళ్లీ పెద్దమ్మ పిక్క దగ్గరికి వద్దాం. బిగుసుకోమని ఎవరు చెప్పారు? ఆమె మనసు చెప్పలేదు. రోజంతా పనిచేసి అలసిన కండకి నరమే, ఆమె అడక్కుండా, కబుర్లు మీద కబుర్లు పంపింది. చాలాసార్లు పిక్క పట్టేది ఇలాగే. ఎండలో చెమటతో నీళ్లూ ఉప్పూ పోయినప్పుడు, ఒకే భంగిమలో చాలాసేపు ఉన్నప్పుడు, గర్భిణులకి, వయసు మళ్లినవాళ్లకి ఇది ఎక్కువ. వదిన చేసిన పని సరైనదే. కండని మెల్లగా సాగదీస్తే నరం తన కబుర్లు ఆపుతుంది. గుంజకూడదు, కొట్టకూడదు.

పనికి పోయేటప్పుడు నీళ్లు తీసుకెళ్లండి. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో తాగండి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, అంబలి మంచివి. బాగా చెమట పోసి నీరసపడితే లీటరు శుభ్రమైన నీళ్లలో అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార కలిపి తాగొచ్చు. చిన్న చెంచాతో, తలకొట్టి కొలవాలి. బీపీ, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఉప్పు సంగతి డాక్టరుని అడగాలి. రోజూ పట్టేస్తున్నా, ఒక కాలు వాచినా చూపించుకోవాలి.

ఈ పాఠం మా కేంద్రంలో చదివిన రోజు పెద్దమ్మ ఒక మాట అంది. "అయితే టీచరమ్మా, నీళ్ల కోసం గట్టెక్కితే మేస్త్రి సోమరితనమంటాడు. నడుం ఎత్తితే అరుస్తాడు. మా కండ వదులుకోవడానికి కూడా కూలి కావాలని ఆయనకి ఎవరు చెబుతారు?"

ఈసారీ నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ వదినే చెప్పింది. "మనమే చెబుదాం. పొద్దున్నే నాట్లకి దిగేముందే చెబుదాం. నీళ్ల బిందె గట్టు మీద పెట్టించుకుందాం." మర్నాడు పదకొండు మంది కలిసి అడిగారు. బిందె వచ్చింది. రెండుసార్లు విడుపు కూడా ఇచ్చారు. పని ఎప్పటిలాగే సాయంత్రానికి పూర్తయింది.

మన కేంద్రంలో మాట్లాడుకుందాం

1. వేళ్లు వేళ్ల సందుల్లో దూర్చి చూడండి. కండ ఎలా కురచ అవుతుందో పక్కవాళ్లకి చూపించండి.

2. కండ వదలడానికి జరగాల్సిన మూడు పనులు ఏవి? పురుగుమందు వాటిలో దేన్ని చెడగొడుతుంది?

3. మీ ఇంట్లో పిల్లలకి, గర్భిణులకి ధనుర్వాతం టీకా వేయించారా? టీకా కార్డు తెచ్చి అందరూ కలిసి చదవండి.

4. ఎరువుల కొట్లో మందుతో ఇచ్చే కాగితం ఒకటి తెచ్చి చదవండి. తెలియని మాటలు రాసుకుని టీచరుని, ఆరోగ్య కార్యకర్తని అడగండి.

5. మీరు పనిచేసే చోట తాగునీళ్లు, నీడ, మధ్యలో విడుపు ఉన్నాయా? లేకపోతే ఎవరిని అడగాలి? ఎంతమంది కలిసి అడుగుతారు?